గాలిగోపురం దగ్గర వెనక్కి తిరిగి

మా దొరవారిసత్రం చుట్టుపక్కల కొండ అనేది లేదు. తూర్పున ప్రళయకావేరి, దానికి అవతల శ్రీహరికోట, ఆ దీవి అంచున సముద్రం. పులికాట్ సరస్సని మ్యాపుల్లో రాసే ఆ ఉప్పునీళ్ళను మా వైపు పెద్దవాళ్ళు ప్రళయకావేరి అనే పిలిచేవాళ్ళు. పడమరకు కయ్యలు, చెరువులు, తాటితోపులు. నడుమ మద్రాసు రైలుపట్టాలు, మద్రాసు రోడ్డు. ఎత్తు అంటే మాకు తెలిసింది రెండే: రైలుకట్ట, చెరువుకట్ట. కట్టెక్కి ఎటు చూసినా నేల తిన్నగా పోయి పోయి ఆకాశంలో కలిసేది. తడ వైపు బస్సులో పోయినప్పుడు పడమటి దిక్కున కంబాకం కొండలు నీలంగా కనిపించేవి గానీ, వాటి దగ్గరికి పోయే పని మాకెప్పుడూ పడలేదు.

కొండలేని ఊళ్ళో పుట్టిన పిలకాయలకు తమ ఊరు ఎట్లా ఉంటుందో పూర్తిగా తెలియదు. ఇల్లు తెలుసు, వీధి తెలుసు, దేవళం తెలుసు, బడి తెలుసు. అవన్నీ కలిసి పైనుంచి ఎట్లా కనపడతాయో ఊహకు అందదు. మా ఊరిని పైనుంచి చూసేవాళ్ళు ఒకరున్నారని మాత్రం మాకు తెలుసు. వాళ్ళు నేలపట్టు పక్షులు.

నేలపట్టు మా ఊరికి నడిచిపోయేంత దూరం. ఆ చెరువులో నీళ్ళ నడుమ కడపచెట్లు ఉంటాయి. వానలు మొదలై చెరువు నిండాక, అక్టోబరు నుంచి గూడబాతులు గుంపులుగా దిగేవి. వాటి వెంట నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. కడపచెట్ల కొమ్మలన్నీ గూళ్ళతో నిండేవి. మార్చి దాకా అక్కడే గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, రెక్కలు గట్టిపడ్డాక తీసుకుపోయేవి. 1976లో ప్రభుత్వం దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. దాదాపు 459 హెక్టార్ల ఆ జాగాను ఊరివాళ్ళు అంతకు చాలా ముందునుంచే కాపాడుతూ వచ్చారు. పక్షులు వచ్చిన ఏడు వానలు బాగుంటాయని నమ్మకం. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పారిన కయ్యలో పైరు బాగా వస్తుందన్నది నమ్మకం కాదు, మా నాయన లాంటి రైతులు కళ్ళారా చూసిన సంగతి. అందుకే గూళ్ళ జోలికి పోయిన పిలకాయలకు వీపు చిట్లేది.

పొద్దున్నే గూడబాతులు బారులుతీరి ప్రళయకావేరి వైపు మేతకు పోయేవి. సాయంత్రం అదే దారిన తిరిగి వచ్చేవి. చెరువుకట్ట మీద కూర్చుని వాటిని చూసినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న: అంత ఎత్తునుంచి వాటికి మా ఇల్లు కనపడతా ఉంటుందా? మా వీధి, మా చింతచెట్టు, మా కయ్య వేరు వేరుగా కనపడతాయా, అన్నీ ఒకటిగా కలిసిపోతాయా?

ఆ రోజుల్లోనే మరో ఎత్తు మాకు పరిచయమైంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ రాకెట్టు సముద్రంలో పడింది. మరుసటి ఏడు, 1980 జూలై 18 పొద్దున ఎనిమిది దాటగానే ఎగిరిన రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ పొద్దు ఊరంతా తూర్పుకు తిరిగి నిలబడింది. పొగగీత ఆకాశంలో కరిగిపోయిన చాలాసేపటి దాకా ఎవరూ కదల్లేదు. మా జేజి మాత్రం చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "అంత పైకి పోయినోళ్ళకు కింద ఏం కనపడతాదో" అంది. నా ప్రశ్నే జేజి నోట వినపడ్డందుకు నాకు ఎంత సంతోషమో.

దానికి జవాబు తరువాతి ఎండాకాలంలో దొరికింది. చెల్లెలికి విషజ్వరం వచ్చి తగ్గితే జేజి కొండకు మొక్కుకుంది. చెల్లెలి తలనీలాలు ఇస్తామని, అలిపిరి మెట్ల దారిన నడిచే ఎక్కుతామని మొక్కు. మా వైపు కొండకు పోతున్నామంటే ఏ కొండకని ఎవరూ అడగరు. అమ్మ ముందురోజు రాత్రి నిప్పట్లు కాల్చింది. తెల్లవారుజామున పులుసన్నం కలిపి అరిటాకుల్లో మూటలు కట్టింది. అక్కడిది ఏదీ కొనకుండా తినేంత తిండి, చెంబు, దుప్పటి, మారు గుడ్డలు. అన్నీ రెండు సంచుల్లో సర్దుకుని రోడ్డు మీదికి వచ్చాం.

ఎర్రబస్సులో నాయుడుపేట. అక్కడ బస్సు మారి శ్రీకాళహస్తి దారి. ఆ దారిలోనే నేల తీరు మారడం మొదటిసారి చూశాను. ఇసక నేల పోయి ఎర్రమన్ను వచ్చింది. తాటిచెట్లు తగ్గాయి. రోడ్డు పక్కన బండరాళ్ళు, ఆ తరవాత గుట్టలు. శ్రీకాళహస్తి చేరేసరికి స్వర్ణముఖి ఒడ్డున కొండను ఆనుకుని ఉన్న దేవళం, దాని ముందు ఆకాశాన్ని తాకే రాజగోపురం కనిపించాయి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం అది. మేం చూసిన ఆ పాత గోపురం 2010 మే నెలలో కూలిపోయింది. ఇప్పుడున్నది ఆ స్థానంలో మళ్ళీ కట్టినది. రేణిగుంట దాటాక నాయన కిటికీలోంచి చేయి చూపించి, "అదో, ఆ కొండే" అన్నాడు. ఆకాశం సగం దాకా అడ్డంగా నిలబడి ఉన్న ఆ రాతిగోడను చూసి చెల్లెలు అమ్మ కొంగు పట్టుకుంది. నేను మాట లేకుండా చూస్తూ ఉండిపోయాను.

రాత్రికి తిరుపతిలో సత్రంలో పడుకున్నాం. వీధిలోకి వచ్చి చూస్తే చీకట్లో కొండ కనపడలేదు. కొండ నడుమన ఆకాశంలో వేలాడుతూ, మెట్లదారి మీది గాలిగోపురం దీపాలు కనపడ్డాయి. "రేపు మనం ఆడికి పోతాం" అని జేజి చెప్పింది. కింద ఉన్న మేము పైనున్న దీపాలను చూస్తున్నాం. రేపు ఆ దీపాల దగ్గర నిలబడితే మేమున్న ఈ వీధి కనపడుతుందా అని ఆలోచిస్తూ నిద్రపోయాను.

ఇంకా చీకటి ఉండగానే అలిపిరి చేరాం. పాదాల మండపంలో జేజి స్వామి పాదాలను తలమీద పెట్టుకుని ప్రదక్షిణం చేసింది. మాకూ పెట్టించింది. తలయేరు గుండు దగ్గర మోకాళ్ళు ఆనించి, కాళ్ళనొప్పులు రాకుండా చూడమని దండం పెట్టింది. మెట్లు మొదలయ్యాయి. మొత్తం 3,550 మెట్లని చెబుతారు. అందులో సగానికి మించి గాలిగోపురం లోపలే వస్తాయి. నిలువు ఎక్కుడు చాలావరకు అక్కడిదాకానే. మాకు ముందు నడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కో మెట్టుకూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, వంగి దండం పెట్టి పైమెట్టు ఎక్కుతున్నారు. ఎవరో ఒకరు "ఏడుకొండలవాడా" అంటే, చీకట్లో కనపడని గొంతులన్నీ కలిసి "గోవిందా" అంటున్నాయి. జేజి చేతికర్ర మెట్టు మెట్టుకూ టక్కుమంటున్నది. చెల్లెలు నాయన భుజం మీద నిద్రపోయింది.

ఎక్కేటప్పుడు వెనక్కి చూడొద్దని జేజి మాకు ముందే చెప్పింది. చూస్తే కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు తడబడతాయి అని. కాబట్టి పైమెట్టే మా లోకం. గాలిగోపురం చేరాక జేజి ఒక రాతి అరుగు మీద కూర్చుని, ఊపిరి సర్దుకుని, మా ఇద్దరి భుజాలు పట్టుకుని తిప్పింది.

"ఇప్పుడు చూడండి పిలకాయలూ."

కింద తిరుపతి. ఇంకా తెల్లవారలేదు. నేలంతా దీపాలు. పైనున్న నక్షత్రాల కంటే కిందున్న దీపాలే ఎక్కువగా ఉన్నాయి. కాసేపటికి చూపు కుదిరింది. దీపాలు వరసలుగా విడిపోయాయి. వరసలు వీధులయ్యాయి. ఒకచోట వెలుతురు ఒత్తుగా ఉంది, అది రైల్వేస్టేషను. ఒక రైలు కిటికీలన్నీ వెలిగించుకుని చప్పుడు లేకుండా రేణిగుంట వైపు పోతున్నది. దగ్గర నిలబడితే నేల అదిరే రైలు చప్పుడే లేకుండా పోవడం మమ్మల్ని అన్నిటికంటే ఆశ్చర్యపరచింది.

తూరుపు తెల్లబడింది. దీపాలు ఒక్కోటీ ఆరిపోయాయి. ఊరి నడుమన గోవిందరాజస్వామి దేవళం పెద్ద గోపురం ముందుగా తేలింది. మట్ల అనంతరాజు కట్టించిన ఆ ఏడంతస్తుల గోపురం కింద నిలబడి చూసినప్పుడు మెడ నొప్పి పుట్టించింది. పైనుంచి చూస్తే అరచేత్తో మూసేయవచ్చు. దాని చుట్టూ మిద్దెలు, పెంకుటిళ్ళు, వాటి నడుమ కొబ్బరిచెట్లు. కొండ అడుగున ఎడమ పక్కన కపిలతీర్థం కోనేరు. కుడిపక్కన చెట్ల నడుమ విశ్వవిద్యాలయం భవనాలు. 1954లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయంలో చదువుకుంటే పెద్ద ఉద్యోగం వస్తుందని నాయన చెప్పాడు. ఊరు అయిపోయాక పచ్చటి పొలాలు, ఆ పొలాల అవతల తిరుచానూరు. ఇంకా అవతల తెల్లటి ఇసక గీత.

"ఆ గీత ఏంది నాయనా?"

"స్వర్ణముఖి."

అక్కడినుంచి నాయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ వినపడతాయి. ఆయన బడిలో చదివింది తక్కువ. నీళ్ళు ఎటు పారతాయో చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. స్వర్ణముఖి చంద్రగిరి పక్క కొండల్లో పుడుతుంది. తిరుపతి దక్షిణాన పారుతుంది. తిరుచానూరు దాటి, నిన్న మనం చూసిన కాళహస్తి దేవళం పక్కన పారి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. "ఈ కొండమీద పడిన వాన మన పక్కకే వస్తాది" అన్నాడు. తరవాత రైలుపట్టాలు చూపించాడు. ఆ పట్టాల మీదే రేణిగుంట పోయి, కాళహస్తి, వెంకటగిరి మీదుగా గూడూరు పోయి, మద్రాసు లైను పట్టుకుంటే మన ఊరి స్టేషను. ఎడమచేతి పక్క కొండ భుజం వెనక పొద్దు పొడుస్తున్నది. "పొద్దు పుట్టే ఆ దిక్కునే మన ఊరు ఉండాది" అన్నాడు.

నేరుగా ఎగిరే పక్షికి తిరుపతి నుంచి మా ఊరు 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం చూపు ఆనదని పెద్దయ్యాక లెక్క తెలిసింది. ఆ పొద్దున మాత్రం నేను ఆ దిక్కున మా ఊరిని చూస్తూనే ఉన్నాను. ఒక ఏరు, ఒక రైలుదారి, ఒక పొద్దు. మూడూ అక్కడినుంచి బయల్దేరి మా ఇంటికే చేరుతున్నాయి. ఎవరిదో అనుకున్న ఆ పెద్ద ఊరు మా ఊరితో ముడిపడి ఉన్నదని ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసింది.

అమ్మ చూసింది వేరు. చాలాసేపు ఆ మిద్దెలనే చూసి, "ఇన్ని కొంపలకు నీళ్ళెట్లా చాలతాయి?" అని అడిగింది. బిందెలు మోసే మనిషి అడిగే ప్రశ్న అది. స్వర్ణముఖి ఏట్లో కనపడింది ఇసకే గానీ నీళ్ళు కాదు. ఊరి నీళ్ళ కోసం కొండల నడుమ కల్యాణి డ్యాం కట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ ప్రశ్న తిరుపతిని తరవాతి కాలమంతా వదల్లేదు. నగరం పెరిగే కొద్దీ కల్యాణి నీళ్ళు చాలక, మా నెల్లూరు వైపు కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్ళను కూడా తెచ్చుకోవలసి వచ్చింది. కొండమీది వాన మా వైపు వస్తుందని నాయన అన్నాడు. మా వైపు నీళ్ళు కొండకిందికి పోయే రోజు వస్తుందని ఆ పొద్దు ఎవరూ అనుకోలేదు.

గాలిగోపురం దాటాక దారి చదునైంది. అడవి నడుమ నడిచి మోకాళ్ళ పర్వతం చేరాం. అక్కడ జేజి అన్నమయ్య కథ చెప్పింది. తాళ్ళపాక నుంచి ఒంటరిగా వచ్చిన పిలగాడు అన్నమయ్య ఆకలితో, అలసటతో మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక బండమీద పడి నిద్రపోయాడు. కాళ్ళకు చెప్పులున్నాయి. అలమేలుమంగమ్మ వచ్చి, ఈ కొండంతా సాలగ్రామాలే నాయనా, చెప్పులు విడిచి చూడు, అప్పుడు కనపడుతుంది అని చెప్పి, ప్రసాదం తినిపించింది. అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రలో ఉన్న కథ ఇది. జేజికి ఆ పుస్తకం తెలియదు, తన అవ్వ నోట విన్నది మాకు చెప్పింది. కళ్ళున్నంత మాత్రాన కొండ కనపడదు, చూడవలసిన తీరులో చూస్తేనే కనపడుతుంది. ఆ కథ నాకు భక్తితో పాటు ఆ సంగతి కూడా నేర్పింది.

పైన తలనీలాలు, కోనేటి స్నానం, క్యూ, దర్శనం. గర్భగుడి ముందు నిలబడిన ఆ క్షణం గురించి అందరూ రాశారు. కొత్తగా నేను చెప్పేదేమీ లేదు. గుండుతో ఉన్న చెల్లెలు స్వామికి దండం పెట్టి, బయటికి వచ్చాక జేజి ఒళ్ళో కూర్చుని లడ్డు మొత్తం తినేసిన సంగతి మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

దిగేటప్పుడు బస్సు. దిగే దారి పాత ఘాట్ రోడ్డు. 1944 ఏప్రిల్ దాకా కొండకు బండి దారి లేదు. నడిచో, డోలీలోనో ఎక్కవలసిందే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య మార్గదర్శనంలో, ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లోనే రోడ్డు పూర్తయింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక కొత్తది ఎక్కడానికి, పాతది దిగడానికి అయ్యాయి. మా జేజి పెళ్ళైన కొత్తలో అత్తగారితో కలిసి ఎక్కినప్పుడు రోడ్డే లేదట. ఇప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ప్రతి మలుపులోనూ ఊరు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కనపడుతుంటే, "ఎన్ని ఊళ్ళున్నాయిరా కింద" అని అడిగింది. ఒకటే ఊరు జేజీ, మనమే తిరుగుతున్నాం అని చెప్పాను. అక్కగార్ల గుడి దగ్గర డ్రైవరు బస్సు నెమ్మదిగా పోనిచ్చి దండం పెట్టుకున్నాడు. బస్సంతా దండం పెట్టింది.

ఆ రోడ్డు పక్కన కొండను కోసిన చోట రాళ్ళు రెండు రకాలుగా కనపడతాయి. కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా పేర్చిన క్వార్ట్‌జైటు. ఆ రెండు రాళ్ళు కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ళ కాలం అంతరం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కింది రాయి ఏర్పడి, అరిగి, మళ్ళీ దానిమీద ఇసక పేరుకుని పైరాయి అయ్యేలోపు అంత కాలం గడిచిపోయింది. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి అక్కడ బోర్డు పెట్టారు. ఆ కాలం లెక్క నాకు కాలేజీలో చదువుకునేటప్పుడు తెలిసింది. తెలిశాక ఆ మలుపు మీద నా గౌరవం ఇంకా పెరిగింది. గోపురాలు, రైలు, విశ్వవిద్యాలయం, మేము ఎక్కిన మెట్లు అన్నీ కలిపినా ఆ గీతలో దాగిన కాలం ముందు ఎంత కొద్దివో కదా.

తిరుగు ప్రయాణంలో శ్రీకాళహస్తిలో ఆగాం. దర్శనం అయ్యాక నాయన మమ్మల్ని భక్త కన్నప్ప కొండ ఎక్కించాడు. దేవళం వెనకే ఉన్న చిన్న కొండ అది. తిరుమల ముందు గుట్ట అనాలి. దాని మీదినుంచి ఊరు ఎంత దగ్గరగా ఉందంటే, మిద్దెమీద వడియాలు పెడుతున్న ఆమె చీర రంగు తెలుస్తుంది. వీధిలో సైకిలు తొక్కే మనిషి కనపడతాడు. దేవళం గోపురాల మీది బొమ్మలు మన కళ్ళకు ఎదురుగా నిలబడతాయి. ఉత్తరంగా మలుపు తిరిగే స్వర్ణముఖి ఇసకలో పొడుగాటి గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఎర్రటి, నల్లటి గీతలు, దేవుళ్ళ ముఖాలు.

"అవి కలంకారీ గుడ్డలు" అని నాయన చెప్పాడు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డ నానబెట్టి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం వారాల తరబడి నానబెట్టి తీసిన నల్లరంగును వెదురు కలంతో గీతలుగా వేస్తారు. రంగు రంగుకూ మధ్య పారే నీళ్ళలో ఉతకాలి. ఏరు లేకపోతే ఆ పని లేదు. దేవళం, కొండ, ఏరు, గుడ్డమీద బొమ్మలు వేసే మనిషి, ఈ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఆ ఊరిని నిలబెట్టాయి. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కినప్పుడు నాకు ఆ కొండమీద నాయన చేయి చాపి చూపించిన ఇసకే గుర్తుకొచ్చింది. తిరుపతి పెద్దది, అక్కడ దారులు చూసి నేర్చుకున్నాం. కాళహస్తి చిన్నది, అక్కడ పనులు చూసి నేర్చుకున్నాం. ఎంత ఎత్తు ఎక్కితే అంత బాగా కనపడుతుందని అనుకుంటాం గానీ, మనుషులు ఏం చేసుకుని బతుకుతున్నారో చూడాలంటే చిన్న కొండే మేలు.

ఊరికి వచ్చాక చెరువుకట్ట మీద కూర్చున్నప్పుడు నాకు మా నేల కొత్తగా కనిపించింది. పుల్లతో ఇసకలో గీసుకునేవాణ్ణి. ఇక్కడ మేము, ఇక్కడ నేలపట్టు, ఇది రైలు, ఇది ఏరు, అదో ఆ కొసన కొండ. చెల్లెలు తన మూల ఒక చుక్క పెట్టి, "ఇది ప్రళయకావేరి, గూడబాతులు ఇక్కడ అన్నం తింటాయి" అనేది. మా బడిలో పటాలుండేవి. గోడకు వేలాడే ఆ పటాల్లో మా ఊరు లేదు. మేము గీసుకున్న దాంట్లో ఉంది.

అప్పటి తిరుపతి జనాభా 1981 లెక్కల్లో లక్షకు కాస్త పైన. 2011 లెక్కలకు నగర పరిధిలోనే 2,87,000 దాటింది. 2007లో నగరపాలక సంస్థ అయింది. మేము చూసిన పచ్చటి పొలాల్లో చాలా భాగం ఇప్పుడు ఇళ్ళు, ఆస్పత్రులు, హోటళ్ళు. ఊరు ఎక్కడ అయిపోయి తిరుచానూరు ఎక్కడ మొదలవుతుందో గాలిగోపురం నుంచి ఇప్పుడు చెప్పలేం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా దొరవారిసత్రం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పుట్టినప్పటినుంచి నెల్లూరోళ్ళమని చెప్పుకున్న మావాళ్ళలో కొందరికి అది బాధ. నాకూ నెల్లూరు మీద ప్రేమ తగ్గదు, మా మాట, మా వంట, మా కోపం అన్నీ నెల్లూరివే. అయినా తిరుపతి పరాయిదని నాకు ఎప్పుడూ అనిపించలేదు. కాగితం మీద ఆ ముడి పడటానికి చాలా ఏళ్ళ ముందే మా నాయన ఏరును, రైలును చూపించి దాన్ని వేసేశాడు.

ఇప్పుడు మా వైపునుంచి కొండకు పోయేవాళ్ళు కారెక్కితే రెండు గంటల్లో తిరుపతి. ఘాట్ రోడ్డులో వేగం మితిమీరకుండా ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది. ప్రాణాల కోసం పెట్టిన మంచి నియమం అది. అయితే ఆ దారిలో ఎక్కడపడితే అక్కడ ఆగి చూడడం కుదరదు, కుదరకూడదు కూడా. వెనకసీట్లో కూర్చున్న పిల్లలు ఆ మలుపులన్నీ ఫోను తెరమీద తల వంచుకునే దాటేస్తున్నారు. నడిచి ఎక్కేవాళ్ళు లేకపోలేదు, వేలమంది ఉన్నారు. మెట్లమీద చాలా మేర పైకప్పు వచ్చింది. ఎండావానా తగలకుండా ఎక్కుతున్నారు, సంతోషం. కానీ ఎంతసేపట్లో ఎక్కామని చూసుకునేవాళ్ళు పెరిగారు. గాలిగోపురం దగ్గర నీళ్ళు తాగి, ఫొటో దిగి, ముందుకు పోతున్నారు. ఆ ఫొటోల్లో ఊరు వీపు వెనక ఉంటుంది.

మా జేజి ఎక్కేటప్పుడు వెనక్కి చూడొద్దంది, ఎక్కాక చూడమంది. ఆ రెండూ కలిస్తేనే కొండ ఎక్కినట్టు. దేవుణ్ణి చూడడానికి పోతూ, దారిలో మనుషుల ఊరిని ఆగి చూడడంలో భక్తికి వచ్చే లోటేమీ లేదు. మన నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి, మన ఊరు ఎవరి పక్కన ఉంది, నిన్నటి పొలం ఈ రోజు ఏమైంది అన్న ప్రశ్నలు పుట్టేది అట్లాంటి చోటే. అమ్మ అడిగిన నీళ్ళ ప్రశ్న ఈ రోజు మన నగరాలన్నిటికీ మొదటి ప్రశ్న. దాన్ని మా అమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు, కొండమీద నిలబడి చూసి అడిగింది.

కాబట్టి పిల్లలున్నవాళ్ళకు నాది ఒక విన్నపం. ఈ సెలవుల్లో కొండకు పోతే, ఒంట్లో ఓపిక ఉంటే, అలిపిరి దారిన నడిపించి తీసుకుపొండి. 2023లో చిరుతల దాడుల తరవాత పిల్లలతో వెళ్ళేవాళ్ళకు వేళల ఆంక్షలు పెట్టారు. బయల్దేరే ముందు ఆ వేళలు కనుక్కుని, పగటిపూట, గుంపుతో కలిసి నడవండి. ప్లాస్టిక్ సీసాలు అడవిలో పారేయకండి. గాలిగోపురం దగ్గర పది నిమిషాలు ఆగండి. ఫోను సంచిలో పెట్టి, పిల్లల్ని భుజాలు పట్టుకుని ఊరి వైపు తిప్పండి. ఏరు ఎక్కడుందో, రైలు ఎటు పోతుందో, మీ ఊరు ఏ దిక్కున ఉందో చేయి చాపి చూపించండి.